గోడ మీది ఫార్మసిస్టు

జూన్ 4

పిన్నీ,

కుశల ప్రశ్నలన్నీ అయిపోయాయనుకో. నీకు ఫోను చేస్తే "ఫోనులో తిడితే మధ్యలో పెట్టేస్తారు, ఉత్తరంలో తిడితే చివరిదాకా చదవాల్సిందే" అంటావు కాబట్టి, తిట్లు తినడానికి సిద్ధపడే కాగితం తీశాను.

ఫార్మసీ డిగ్రీ అయిపోయింది. రిజిస్ట్రేషన్ కూడా వచ్చింది. అంటే ఇప్పుడు నేను చట్టప్రకారం మనిషి చేతికి మందు ఇవ్వగలిగినదాన్ని. సర్టిఫికెట్ ఇంటికొచ్చిన రోజే నాన్న దాన్ని అందుకుని, "నేను భద్రం చేస్తాలే, నీకు వస్తువులు పారేసుకునే జబ్బుంది" అని తీసుకుపోయాడు.

ఆ మధ్య కాలేజీలో చివరి రోజు ఒక పెద్దమనిషిని పిలిచి 'మీ ముందున్న దారులు' అని ఉపన్యాసం ఇప్పించారు. కోటు తొడుక్కొచ్చాడు. హాల్లో ఫ్యాన్లు తిరగవు. చెమటలు కక్కుకుంటూ తెర మీద చెట్టు బొమ్మ వేసి కొమ్మకో ఉద్యోగం వేలాడదీశాడు. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్, ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్ష, కొత్త మందుల ప్రయోగాలు, కంప్యూటర్ ముందు కూర్చుని జబ్బులకు కోడ్ నంబర్లు వెయ్యడం, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష, పై చదువు, పరదేశం. నేను చెయ్యెత్తి అడిగాను, "సార్, కౌంటర్ దగ్గర నిలబడి రోగికి మందు ఎలా వేసుకోవాలో చెప్పే ఉద్యోగం ఏ కొమ్మ మీదుంది?" అని. హాలంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వి, "ఇంత చదివి షాపులో పొట్లాలు కడతావా తల్లీ?" అన్నాడు.

నాకు కావలసింది ఆ పొట్లాలే పిన్నీ. ఊరి చివర ఆసుపత్రిలో ఫార్మసిస్టు ఉద్యోగం ఖాళీ అవబోతోందట. జీతం చెబితే కోటాయన మళ్ళీ నవ్వుతాడు. అయినా నాకు అక్కడి మందులిచ్చే కిటికీ కావాలి. నువ్వేమంటావు?

నీ
పిట్ట


జూన్ 12

ఒసే పిట్టా,

చెమటలు కక్కేవాణ్ణి కోటు విప్పమని చెప్పే ధైర్యం ఆ హాల్లో ఒక్కరికీ లేకపోయిందంటే, మీ కాలేజీ ఏం నేర్పిందో అర్థమైంది.

వాడి చెట్టు కొమ్మలు ఒక్కొక్కటీ నరుకుతాను, కింద నిలబడకు. రిప్రజెంటేటివ్ అంటే ఎవరు? డాక్టరు గది బయట రోగుల మధ్య కూర్చుని, రోగులకంటే దీనంగా ముఖం పెట్టి, పిలుపొస్తే లోపలికెళ్ళి పాఠం అప్పజెప్పి, ఒక పెన్ను బల్ల మీద పెట్టి వెనక్కి వెనక్కి నడిచి వచ్చేవాడు. నువ్వు చదివిన శాస్త్రమంతా ఆ పెన్ను మూతలో పట్టేస్తుంది. ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షా? సరుకు బాగుందని సంతకం పెట్టినంతకాలం నువ్వు గొప్ప శాస్త్రవేత్తవి. బాగాలేదన్న మర్నాడు నీ కుర్చీ గోడౌనులో ఉంటుంది. కొత్త మందుల ప్రయోగమంటే, చదవలేనివాళ్ళ చేత అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయించుకుని దానికి స్వచ్ఛందమని పేరు పెట్టడం. కోడ్ నంబర్లంటే, ఒకడి గుండెనొప్పికి నువ్వు నంబరు వేస్తావు, బీమా కంపెనీ ఆ నంబరు చూసి డబ్బు ఎగ్గొడుతుంది. ఇన్‌స్పెక్టర్ సంగతి సరేసరి, ఆయన బండి ఇంట్లోంచి బయటికి తియ్యకముందే షాపువాడికి కబురందుతుంది. పై చదువు చదివితే ఏమవుతావు? ఇలాంటి కోటుగాళ్ళకి పూలగుత్తి ఇచ్చే లెక్చరరువి. పరదేశం గురించి నేను మాట్లాడను, వెళ్ళినవాళ్ళు మనల్ని మాట్లాడనివ్వరు.

ఆయన చూపించని కొమ్మ ఇంకోటుంది. ఎక్కువమంది వేలాడేది దానికే. మందుల షాపు పెట్టాలంటే ఫార్మసిస్టు ఉండాలి, ఒక ఫార్మసిస్టు ఒక్కచోటే ఉండాలి, ఆ మనిషి ఫొటో, సర్టిఫికెట్ గోడకుండాలి. షాపుల వాళ్ళు ఏం చేశారు? మనిషిని వదిలేసి గోడకున్నది అద్దెకు తెచ్చుకున్నారు. చదువుకున్నవాడు ఇంట్లో కాళ్ళు చాపుకుని నెలనెలా అద్దె తింటాడు. షాపులో మందులు ఇచ్చేది ఎవడో దారినపోయేవాడు. వీళ్ళ మీద 'గోడకు వేలాడే దొంగలు' అని కరపత్రం రాశాను, ఇందులో పెట్టాను. చదివి నలుగురికీ పంచు.

అన్నట్టు, మా రోగుల హక్కుల సంఘం తరఫున ప్రజల మందుల షాపు తెరిచాం. కొన్న ధరకే అమ్మకం. ప్రారంభం రోజు నేను మాట్లాడాను. మైకు రెండుసార్లు ఆగింది, నేనాగలేదు. మా అధ్యక్షుడు ఎక్కడో ఫార్మసిస్టుని కూడా పట్టుకొచ్చాడట.

ఆ ఆసుపత్రిలో చేరు. ఇంకో మాట లేదు.

మీ అమ్మకు చెల్లెలినైన పాపానికి నీకు
పిన్ని


జూలై 3

పిన్నీ,

వివరంగా రాసే ఓపిక లేదు. రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని మందుల షాపుల చుట్టూ తిరుగుతున్నాను. కాళ్ళు లాగేస్తున్నాయి. ఒక్కో షాపువాడు ఒక్కోలా చూస్తాడు. కొందరు నీళ్ళిస్తారు, కొందరు మెట్టెక్కనివ్వరు. ఆసుపత్రి ఉద్యోగం ప్రస్తుతానికి ఆగింది. ఎందుకని ఇప్పుడు అడక్కు. నాన్నకీ నాకూ మాటల్లేవు.

పిట్ట


జూలై 10

అమ్మాయ్,

పిట్టా అని పిలవను. బ్యాగు తగిలించుకున్నదాన్ని పేరు పెట్టి పిలిచే చనువు నాకెక్కడిది, కంపెనీ ప్రతినిధులకు మేమంతా కస్టమర్లం కదా.

నేను రాసింది చదివావా, దాంతో బ్యాగులో అరలు సర్దుకున్నావా? పెన్ను మూతని నేను వెక్కిరిస్తే, నువ్వెళ్ళి మూతలో దూరావు! "మెట్టెక్కనివ్వరు" అని నాకు చెప్పుకుని ఏడుస్తావేం? ఎక్కనివ్వరు మరి. అమ్ముకోడానికి వచ్చినవాళ్ళని అలాగే చూస్తారు. ఆసుపత్రి కిటికీ కావాలని జూన్‌లో రాసిన పిల్ల జూలైకల్లా ఏమైపోయింది? కంపెనీవాళ్ళు బండి ఇస్తామన్నారా, టై ఇస్తామన్నారా? మీ నాన్నతో మాటల్లేవన్నావు. ఈ ఒక్క విషయంలో మా బావగారికి బుద్ధుందని ఒప్పుకోవాల్సి రావడం నాకు ఇంకా మంట.

మీ అమ్మతో చెప్పు, ఈ నెల నేను రావడం లేదని. వస్తే గుమ్మం దగ్గర శాంపిళ్ళు పంచుతావేమోనని భయం.

నీకు పిన్నిని అవునో కాదో ఆలోచించుకుంటున్న
నేను


జూలై 18

పిన్నీ,

తిట్లన్నీ భోజనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చదివాను. నేను రిప్రజెంటేటివ్‌నని ఎవరన్నారు? బ్యాగులో ఉన్నది మంచినీళ్ళ సీసా, గొడుగు. షాపుల చుట్టూ తిరిగింది నా ఫొటో కోసం.

ఆసుపత్రివాళ్ళు రమ్మన్నారు. అసలు సర్టిఫికెట్ తెమ్మన్నారు. నాన్నని అడిగితే "భద్రంగానే ఉంది" అన్నాడు. బీరువాలో లేదు. "ఎక్కడ భద్రం?" అంటే, "ఒక మంచి షాపు గోడ మీద. ఊరికే పడున్నదాన్ని వాడుకుంటే తప్పేముంది, ఇంట్లోకి నెలకింత వస్తోంది" అన్నాడు. ఏ షాపని అడిగితే చెప్పడు. చెబితే నేను వెళ్ళి గొడవ చేస్తానట. చేస్తాను కదా మరి!

అందుకని ఊళ్ళో కనిపించిన ప్రతి మందుల షాపుకీ వెళ్ళి, జలుబు మాత్ర అడుగుతూ గోడలు చూశాను. ఎన్ని ముఖాలో పిన్నీ! మా సీనియర్లు, మా సీనియర్ల సీనియర్లు. జబ్బులకు కోడ్ నంబర్లు వేసే కంపెనీలో పనిచేసే ఒకమ్మాయి పాత ఇనుము కొట్టు పక్కనున్న షాపు గోడ మీద నవ్వుతోంది. ఒకాయన చనిపోయాడని విన్నాను, ఇంకా గోడ మీద ఉద్యోగం చేస్తున్నాడు. నేను మాత్రం ఎక్కడా లేను.

చివరికి రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా వేలు నాకి కాగితాలు తిప్పి, "మీరు ఉద్యోగంలోనే ఉన్నారు కదమ్మా, అక్కణ్ణుంచి తప్పుకున్నట్టు కాగితం తెస్తేగానీ ఇంకోచోట చేరలేరు" అన్నాడు. ఎక్కడ ఉన్నానండీ అంటే చదివాడు.

రోగుల హక్కుల సంఘం వారి ప్రజల మందుల షాపు.

మీ అధ్యక్షుడు పట్టుకొచ్చిన ఫార్మసిస్టుని నేనే పిన్నీ. ఆయనా నాన్నా ఒకప్పుడు ఒకే ఆఫీసట. నాన్నని నిలదీస్తే, "మీ పిన్ని సంఘమే కదా, ఇంట్లో వస్తువు ఇంట్లోనే ఉందనుకున్నా. ఆవిడకి తెలీకుండా ఉంటుందా?" అన్నాడు. నీకు తెలుసా?

ఆసుపత్రివాళ్ళు వచ్చే నెలాఖరుదాకా ఆగుతామన్నారు. అద్దె వద్దు, నా కాగితం నాకు ఇప్పించు.

పిట్ట


జూలై 27

పిట్టా,

నీ ఉత్తరం చదవగానే ఇది మందుల వ్యాపారుల కుట్ర అనుకున్నాను. నిన్నెవరో నామీదికి ఉసిగొల్పారనుకున్నాను. తర్వాత చెప్పులేసుకుని షాపుకి వెళ్ళాను.

ఉన్నావు. ఫ్రిజ్ పైన, కప్పుకి దగ్గరగా, రెండు జడలతో. నీకు ఎడంపక్క నా కరపత్రం అంటించారు. ప్రారంభం రోజు అక్కడ బ్యానర్ కట్టారు కాబట్టి నాకు కనపడలేదు. తర్వాత నేను కౌంటర్ దాకా వెళ్ళిందీ లేదు, ఎవరో ఒకరు మందులు ఇంటికి తెచ్చిస్తారు.

అధ్యక్షుణ్ణి పట్టుకుని దులిపాను. ఆయన అన్నీ విని, "మేడమ్, ఆ కాగితం తీసిన గంటలో షాపు మూతపడుతుంది. మీరే చెప్పండి మూసెయ్యమని" అన్నాడు. నేను చెప్పులేసుకుని ఇంటికొచ్చాను. రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

వ్యాపారి గోడ మీద ఉండటం వేరు, ప్రజల గోడ మీద ఉండటం వేరు. ఇక్కడ ఎవడూ లాభం తినడం లేదు. ఇంకో ఆర్నెల్లు ఓర్చుకో, ఈలోగా వేరే ఏర్పాటు చేస్తారట. ఆసుపత్రులు ఎక్కడికీ పోవు. నేను షాపులో ఉండగానే మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది. కీళ్ళ నొప్పులతో మిషను తొక్కలేక, మందు కొనలేక, కుమిలిపోయిన మనిషి. ఇప్పుడు మన షాపులో ఆ చిన్న పసుపు మాత్ర సగం ధరకి దొరుకుతోంది, పేరు నాకు నోరు తిరగదు. రోజూ తప్పకుండా వేసుకుంటోందట. నోరంతా పుండ్లు పడ్డాయి పాపం, అన్నం మింగలేకపోతోంది. వేడి చేసిందని దానికీ మనవాళ్ళు పూతమందు కొన్న ధరకే ఇచ్చారు. ఈమెను మళ్ళీ పెద్ద షాపులవాళ్ళ పాలు చేస్తావా? నీ మనసునే అడుగు.

పిన్ని


ఆగస్టు 1

పిన్నీ,

నిన్న నేను ఫోను చేసి హలో కూడా అనకుండా, "కుట్టే ఆవిడ ఇంటికి వెళ్ళు, మాత్ర అట్ట మీద ఏం రాసుందో చదువు" అని అరిచాను కదా. నువ్వు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవడం అయ్యీ అవకముందే, ఆవిణ్ణి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. ఆవిడ ఆసుపత్రిలో చేరిందని నీ కబురు అందింది. ఇప్పుడు మిగిలింది రాస్తాను.

ఆ మాత్ర వారానికి ఒక్కరోజు వెయ్యాలి. రోజూ వేస్తే ఒంట్లో కొత్త రక్తం పుట్టనివ్వదు. నోట్లో పుండ్లు దాని మొదటి హెచ్చరిక. మా తరగతిలో వెనక బెంచీలో నిద్రపోయేవాళ్ళకి కూడా తెలిసిన విషయం ఇది. ఆ హెచ్చరిక తనే నడిచొచ్చి మీ కౌంటర్ ముందు నిలబడి నోరు తెరిచి చూపించింది. మీవాళ్ళు దాని మీద పూతమందు రాశారు, కొన్న ధరకే! నువ్వు పక్కనే నిలబడి దాన్ని ఉద్యమం అనుకున్నావు.

చట్టప్రకారం ఆ మందు ఇచ్చింది ఎవరు? ఫ్రిజ్ పైనున్న రెండు జడల పిల్ల. ఆవిడ ప్రాణానికి ఏమైనా అయితే జవాబు చెప్పాల్సింది నేను, ఆ షాపు ఏ వీధిలో ఉందో కూడా తెలియని నేను.

వ్యాపారి గోడ వేరు, ప్రజల గోడ వేరు అన్నావు. మేకు రెండింటికీ ఒకటే కొడతారు పిన్నీ. కోటాయన నా చదువుని చూసి నవ్వాడు, సరే, వాడు అమ్ముకునేవాడు. నాన్న ఊరికే పడున్న వస్తువనుకున్నాడు, సరే, ఆయన ఎప్పుడూ అంతే. నువ్వు? కౌంటర్ దగ్గర మనిషి ఎందుకో నాకు చెప్పినదానివి నువ్వే కదా. మీ అందరి లెక్కలో ఫార్మసిస్టంటే ఒక చెక్క ఫ్రేము. ధర దగ్గరే మీకు పేచీ.

ఆర్నెల్లు కాదు, ఆరు రోజులు కూడా ఓర్చుకోను.

పిట్ట


ఆగస్టు 14

పిట్టా,

కుట్టే ఆవిడ బతికింది. రక్తం ఎక్కించారు. నిన్న గంజి తాగి, నన్ను చూసి ముఖం అటు తిప్పుకుంది. తిప్పుకోనీ.

ఆదివారం కార్యవర్గం కూర్చుంది. నేను కౌంటర్లో కూర్చునేవాణ్ణి పిలిపించాను. కోశాధికారి తమ్ముడు, మొన్నటిదాకా సెల్‌ఫోన్ల తొడుగులు అమ్మేవాడు. ఆవిడ డాక్టరు చీటీ తెమ్మన్నాను. చీటీలో వారానికి ఒకటి అని స్పష్టంగా ఉంది. "చదవలేదా?" అన్నాను. "చదివానండీ. అంత చిన్న మాత్ర వారానికి ఒకటంటే ఎవరైనా నమ్ముతారా? డాక్టరు పొరపాటున రాశాడనుకున్నా" అన్నాడు. ఆ ధీమా చూడు! చదువురానివాడైనా ఇంకొకణ్ణి అడిగేవాడు. వీడు డాక్టర్ని దిద్దాడు.

అధ్యక్షుడు లేచి, ఇది బయటికి పొక్కితే శత్రువులు వాడుకుంటారు, ఉద్యమానికి నష్టం అని మొదలెట్టాడు. ఈ మాట నేనే ఎన్ని సభల్లో అనలేదు! ఆయన్ని మధ్యలోనే ఆపి కూర్చోమన్నాను. నేనన్నాను, "ఆ ఫొటోలో పిల్లనే జీతమిచ్చి కౌంటర్లో పెట్టుకుందాం. షాపు ఉంటుంది, చట్టం ఉంటుంది, జనం బతుకుతారు." అధ్యక్షుడు గొంతు తగ్గించి, "ఫొటోకి ఇస్తున్నాం కదా మేడమ్, మళ్ళీ మనిషికి కూడానా?" అన్నాడు.

షామియానాకి డబ్బుంది. మైకుకి ఉంది. అధ్యక్షుడి బొమ్మ, నా బొమ్మ అచ్చేసిన ఫ్లెక్సీకి ఉంది. మందు తెలిసిన ఒక్క మనిషికి లేదు. పేదవాళ్ళకి చవగ్గా ఇస్తున్నాం కాబట్టి ఎలా ఇచ్చినా చాలు! పేదవాడి మీద ఇంతకంటే చులకనభావం ఏ వ్యాపారికుంది? వ్యాపారి కనీసం కొనేవాణ్ణి చూసి భయపడతాడు.

కార్యవర్గాన్ని అక్కడే వదిలేసి షాపుకి వెళ్ళాను. స్టూలు ఎక్కి నిన్ను కిందికి దించాను. గోడ పెచ్చు కూడా ఊడొచ్చింది. నా కరపత్రం పీకబోతే రాలేదు, జిగురు బాగా పట్టింది, గోళ్ళతో గీకాను. రిజిస్ట్రేషన్ ఆఫీసుకి నువ్వు తప్పుకున్నట్టు కాగితం సంఘం కార్యదర్శి హోదాలో నేనే రాసి సంతకం పెట్టాను. మర్నాడు ఆ హోదా పీకేశారు. సంతకం ముందు రోజుది కాబట్టి చెల్లుతుంది.

షాపు మూతపడింది. వీధివాళ్ళు ఇంటి ముందుకొచ్చి, నోటి దగ్గరి చవక మందులు లాగేశానని తిట్టారు. ఎవరు ముందున్నారనుకున్నావు? కుట్టే ఆవిడ మొగుడు. వివరించబోయాను. మైకు లేకుండా మాట్లాడటం నాకు చాతకాదని తెలిసింది.

నీ సర్టిఫికెట్ రిజిస్టర్ పోస్టులో వస్తుంది. ఫ్రేము తీసేశాను. మీ నాన్న చేతికి మాత్రం ఇవ్వకు.

పిన్ని


సెప్టెంబరు 6

పిన్నీ,

కాగితం అందింది. ఆసుపత్రికి వెళ్ళాను. మేనేజరు దాన్ని రెండు చేతులా అందుకుని, వెలుతురుకి పెట్టి చూసి, ఎంతో ప్రేమగా అన్నాడు, "ఇది ఇక్కడ ఇచ్చి వెళ్ళమ్మా. కిటికీ దగ్గర మా పాతాయన ఉన్నాడు, కాగితం లేదుగానీ అలవాటైనవాడు. నువ్వు అప్పుడప్పుడు వచ్చి సంతకాలు పెట్టు చాలు. హాయిగా ఇంట్లో కూర్చుని ఇన్‌స్పెక్టర్ పరీక్షకి చదువుకో."

నవ్వొచ్చింది. కోటాయన నవ్వు కాదు, నీ నవ్వు. నువ్వు ఎదురుగా ఉంటే బల్ల విరిగేది. నేను కాగితం వెనక్కి తీసుకుని, "ఇదీ నేనూ కలిసే వస్తామండీ, విడివిడిగా దొరకం" అన్నాను. ఆయనకి ఇది గొంతెమ్మ కోరికలా వినిపించింది. పనిచేస్తానంటే ఇంత అనుమానంగా చూస్తారని నాకు తెలీదు. చివరికి ఇంకెవరూ దొరక్క ఒప్పుకున్నాడు.

కిటికీ చిన్నది. ఎత్తు తక్కువ, రోగులు వంగి మాట్లాడాలి. రెండో రోజే దాని ముందు స్టూలు వేయించాను. పాతాయన పక్కన కుర్చీలో కూర్చుని నన్ను చూసి నిట్టూరుస్తుంటాడు. ఆయన చేతిలో క్యూ గడగడా కదిలేదట. నా చేతిలో గుమ్మం దాటి ఆవరణలోకి వెళ్ళింది. ఒక్కొక్కరికీ ఇది ఎప్పుడు, ఎలా, దేంతో కలపకూడదు అని చెబుతాను. తిరిగి నాకు చెప్పమంటాను. చెప్పలేకపోతే మళ్ళీ మొదటినుంచి.

నిన్న మేనేజరు పిలిచి నా మీద వచ్చిన మొదటి ఫిర్యాదు చదివాడు. "కిటికీ దగ్గర కొత్తగా వచ్చినావిడ మందులిచ్చి ఊరుకోకుండా అందరికీ ఏదో ఒకటి చెబుతున్నది. దయచేసి పాతాయనను పెట్టవలసింది." కింద చాలా సంతకాలు. మేనేజరు కళ్ళజోడు తీసి, "తగ్గించమ్మా" అన్నాడు. తగ్గించనన్నాను. వెంటనే నిన్ను తలుచుకున్నాను, అది మంచికో చెడుకో తెలీదు.

ఇవాళ సంతకం పెట్టినవాళ్ళలో ఒకాయన వచ్చాడు. చేతిలో ఇద్దరు డాక్టర్ల చీటీలు. చూస్తే రెండింటిలోనూ ఉన్నది ఒకే బీపీ మందు, పేర్లే వేరు. రెండూ వేసుకుంటున్నారా అంటే, "వారం నుంచీ. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి, బలానికి ఏదైనా ఇవ్వు" అన్నాడు. ఒక అట్ట తీసి లోపల పెట్టేశాను. స్టూలు మీద కూర్చోమన్నాను. మళ్ళీ డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళాలో మొదలుపెట్టాను.

ఆయన క్యూ వైపు తిరిగి, "చూశారా, మళ్ళీ మొదలెట్టింది" అన్నాడు.

పిట్ట